మూడోసారి అడిగేదాకా

ఐలీ సాల్మెలాకి ఏదైనా ఇవ్వాలంటే మూడుసార్లు అడగాలి. మొదటిసారి అడిగితే "అయ్యో, వద్దండీ" అంటుంది. రెండోసారి "మీకెందుకు శ్రమ" అంటుంది. మూడోసారికి "సరే, మీరంతగా అంటున్నారు కాబట్టి కొంచెం" అంటుంది. ఆ కొంచెం పళ్లెం నిండా ఉన్నా ఏమీ అనదు. ఒక్క ఐలీ అనే కాదు, ఉత్తరాన పెద్ద సరస్సు ఒడ్డున ఉన్న మా డులూత్‌లో పుట్టి పెరిగిన వాళ్లందరిదీ ఇదే తంతు. తాతలు ఫిన్లండ్ నుంచి వచ్చినా, నార్వే నుంచి వచ్చినా మొహమాటంలో మాత్రం ఎవరూ ఎవరికీ తీసిపోరు. విందులో కేకు ఆఖరి ముక్క ఎవరూ తీసుకోరు. ఒకరొచ్చి అందులో సగం కోసుకుపోతారు, ఇంకొకరొచ్చి మిగిలిన దాంట్లో సగం. చివరికి పళ్లెంలో గోరంత ముక్క మిగిలితే, మర్నాడు ఆ ఇంటివాళ్లే దాన్ని పిట్టలకి వేస్తారు.

నేను న్యూజెర్సీ నుంచి ఈ ఊరికి కోడలిగా వచ్చాను. మా వైపు ఆకలేస్తే ఆకలేస్తోందని చెబుతాం, అవతలివాడి కారు మనకి అడ్డంగా ఉంటే తీయమంటాం. పెళ్లయిన కొత్తలో మా అత్తగారు "ఇంకొంచెం వడ్డించనా రోజలీ?" అంటే "వడ్డించండి" అన్నాను. బల్ల చుట్టూ ఉన్న అందరి చేతుల్లోనూ చెంచాలు ఆగిపోయాయి. మా ఆయన గోర్డన్ ఆ సంగతి ఇప్పటికీ నలుగురిలో చెప్పి నవ్విస్తాడు. అప్పటికీ ఇప్పటికీ నా జుట్టు నెరిసింది గానీ, ఈ ఊరికి నేనింకా "గోర్డన్ తెచ్చుకున్న ఆ కొత్తమ్మాయి"నే.

అందుకే ఐలీ కథ నేను చెప్పాల్సి వస్తోంది. ఈ ఊరివాళ్లకి వదిలేస్తే మొహమాటపడి సగం మింగేస్తారు.

ఐలీ పుట్టింది ఊరికి ఉత్తరాన, అడివి కొట్టి చేసిన బంగాళదుంపల పొలంలో. ఆ నేలలో దుంపలకన్నా రాళ్లే బాగా పండేవని తనే అంటుంది. ఓ వయసు రాగానే బస్సెక్కి ఊళ్లోకి వచ్చి, కోట్లు కుట్టే ఫ్యాక్టరీలో చేరింది. తర్వాత స్కూలు వంటింట్లో చాలా ఏళ్లు వండి వార్చింది. ఈ ఊళ్లో నడివయసు వాళ్లలో సగం మంది ఆమె చేతి సూపు తాగి పెరిగినవాళ్లే. పొడుగ్గా, ఎండుకట్టెలా ఉంటుంది, చేతులు మాత్రం పెద్దవి. కానీ ఫ్యాక్టరీ గురించో వంటిల్లు గురించో అడిగితే రెండు ముక్కల్లో తేల్చేస్తుంది. ఆమె వారమంతా బతికేది శనివారం కోసం.

సుపీరియర్ వీధిలో హాల్వర్సన్ ఫర్నిచర్ కొట్టు ఉండేది. దాని మేడ మీద మొదటి అంతస్తంతా ఒకటే హాలు, మేపుల్ చెక్క నేల. ఆ చెక్కల కింద ఏం కిటుకు పెట్టి వేశారో గానీ, అడుగు వేస్తే నేలే మళ్లీ పాదాన్ని పైకి తోసేది. శనివారం సాయంత్రమయ్యేసరికి పోల్కా, వాల్ట్జ్, సాటిష్ లాంటి జంట డాన్సులు ఆడటానికి రేవు పనివాళ్లు, టైపు కొట్టే అమ్మాయిలు, రైల్వే వాళ్లు ఆ మెట్లెక్కేవాళ్లు. వైనో సాల్మెలా అక్కడే ఐలీని చూశాడు. తనతో ఆడమని అడిగాడు, వద్దంది. కాసేపాగి మళ్లీ అడిగాడు, ఇంకెవరినైనా అడగమంది. మూడోసారి అడిగేలోపు బ్యాండు వాళ్లు పెట్టెలు సర్దేశారు. మళ్లీ శనివారం దాకా ఆ పిల్లకి నిద్ర లేదు, ఫ్యాక్టరీలో ఒక కోటుకి రెండు ఎడమ చేతులు కుట్టేసింది. శనివారం మెట్లు ఎక్కేసరికి వైనో తలుపు దగ్గరే నిలబడి ఉన్నాడు. పలకరింపు కూడా లేకుండా మూడోసారి అడిగేశాడు. అలా మొదలైన జంట, పెద్దవాళ్లు తప్పుకున్నాక ఆ డాన్సు బాధ్యతంతా నెత్తిన వేసుకుంది. తలుపు దగ్గర టికెట్లు వైనో చూసుకునేవాడు, కొత్తవాళ్లకి అడుగులు నేర్పే పని ఐలీది.

తర్వాత కొండ మీద మాల్ కట్టారు. సుపీరియర్ వీధిలోని కొట్లు ఒకదాని వెనక ఒకటి కొండెక్కాయి. సాయంత్రం ఆఫీసులు మూసేశాక కింద వీధిలో గాలీ సరస్సు పిట్టలూ తప్ప తిరిగేవాళ్లు ఉండేవారు కాదు. హాల్వర్సన్ వాళ్లు కూడా కొట్టు మూసేశారు, మేడ మీద హాలుకి తాళం పడింది. డాన్సు ఒక చర్చి కింది గదిలోకి మారింది. అక్కడ కప్పు చేతికి తగిలేంత ఎత్తులో ఉంటుంది, నేలేమో గచ్చు. ఒక పాట ఆడితే మోకాళ్లు మర్నాటిదాకా గుర్తుచేస్తాయి. ఆ ఏళ్లలోనే వైనో పోయాడు. జనం కూడా పలచబడ్డారు. ఎలా ఉన్నావని ఎవరడిగినా ఐలీ మాత్రం "ఫరవాలేదు, ఇంతకన్నా అధ్వానంగా ఉండొచ్చుగా" అనేది. కానీ చర్చికి వెళ్లే ముందు కావాలని సుపీరియర్ వీధి చుట్టూ తిరిగి వెళ్లేదనీ, హాల్వర్సన్ మేడ కిటికీల కింద ఆగి పైకి చూసేదనీ నాకు తెలుసు. ఒకసారి నేను ఎదురుపడితే, వాన వస్తుందేమోనని చూస్తున్నానంది. ఆకాశంలో మబ్బు ముక్క లేదు.

ఈమధ్య ఊరి నడిబొడ్డుకి మళ్లీ ప్రాణం వచ్చింది. వీధికి కొత్తగా ఇటుకలు పరిచారు. మూతపడ్డ బ్యాంకు హోటలయింది, తాళ్ల గోదాములో బీరు కాస్తున్నారు, పాత ఆఫీసుల మీది అంతస్తుల్లో కుర్రజంటలు కుక్కపిల్లలతో కాపురాలు పెట్టాయి. చీకటి పడ్డాక కూడా వీధిలో నవ్వులు వినిపిస్తున్నాయి. మా గోర్డన్ అదో వింతలా కారు మెల్లగా నడుపుతూ చూసేవాడు. హాల్వర్సన్ బిల్డింగుని టెక్సస్ నుంచి వచ్చిన మార్కస్ ప్రూయిట్ అనే ఆయన కొన్నాడు. పైన ఇళ్లు, కింద బీరు కొట్టు, మధ్యలో ఆ హాలు. మనిషి మంచివాడు. మార్చి నెలలో కూడా పలచటి కోటు వేసుకు తిరిగేవాడు గానీ, అది తెలివితక్కువతనమే తప్ప చెడ్డతనం కాదు కదా.

ఆ మార్చిలోనే ఒక శనివారం, బయట మంచు పడుతుండగా, చర్చి కింది గదికి మెట్లు దిగి వచ్చాడు. చెవులు ఎర్రగా కందిపోయి ఉన్నాయి. పాట అయ్యేదాకా గోడ పక్కన ఓపిగ్గా నిలబడ్డాడు. నాకు అది నచ్చింది. తర్వాత ఐలీ దగ్గరికి వచ్చి, టోపీ తీసి, సూటిగా విషయం చెప్పాడు.

"మేడమ్, ఆ హాలు బాగుచేయిస్తున్నాను. నేల జోలికి ఎవరినీ పోనివ్వలేదు, ఒక్క చెక్క కూడా మార్చలేదు. శనివారం శనివారం అక్కడ మీ డాన్సు జరగాలని నా కోరిక. అద్దె వద్దు, పైన జనం ఉంటే కింద బీరు కొట్టుకి అదే చాలు. మీరు నడిపిస్తారా?"

టికెట్ల బల్ల దగ్గర నేను కూర్చుని ఉన్నాను. ఐలీ మొహం వెలిగిపోవడం నా కళ్లతో చూశాను. మరుక్షణం ఆ వెలుగుని లోపలికి తోసేసి, జేబురుమాలు సర్దుకుంటూ అంది:

"అయ్యో, వద్దులెండి. మేం ముసలివాళ్లం. ఎవరైనా కుర్రాళ్లకివ్వండి, సందడిగా ఉంటుంది."

ప్రూయిట్ మొహం వాడిపోయింది. అర్థమైందనీ, ఇబ్బంది పెట్టినందుకు ఏమీ అనుకోవద్దనీ చెప్పి, టోపీ పెట్టుకుని మెట్లెక్కి వెళ్లిపోయాడు. వాళ్ల ఊళ్లో వద్దంటే వద్దనే. పెద్దావిడ ఒకసారి కాదన్నాక మళ్లీ అడగడం అంటే ఆవిడ మాటకి విలువ ఇవ్వకపోవడమని వాళ్లమ్మ చిన్నప్పుడే నేర్పిందట. ఐలీకేమో వాళ్లమ్మ ఇంకోటి నేర్పింది. ఇద్దరూ మర్యాదస్తులే. ఇద్దరి మర్యాదలూ కలిసి పని చెడగొట్టాయి.

ఐలీకి మాత్రం పని చెడిందన్న అనుమానమే లేదు. మర్నాడు నేను వాళ్లింటికి వెళ్లేసరికి తోలు అడుగులున్న డాన్సు బూట్లు బయటికి తీసి పాలిష్ పెడుతోంది. గచ్చు మీద ఆడేటప్పుడు రబ్బరువి వేసుకునేది, ఇవి ఏళ్ల తరబడి అటక మీదే ఉన్నాయి. ఆయన వద్దనుకుని వెళ్లిపోయాడేమో అన్నాను.

"వస్తాడు. ఇంకా రెండుసార్లు అడగాలిగా" అంది.

ఆయన మళ్లీ వచ్చినప్పుడు చేతిలో పెట్టడానికి ఏదో ఒకటి ఉండాలని ప్రతి శనివారం యాలకుల రొట్టె కాల్చి తెచ్చేది. మెట్ల మీద చప్పుడైతే చాలు, తలుపు వైపు చూసేది. ఆయన రాలేదు. ఆ రొట్టెలన్నీ మేమే తిన్నాం. ఆ వసంతమంతా యాలకుల వాసనతో ఒళ్లు చేశాం.

మంచు కరిగి వీధులు ఆరాక పేపర్లో వార్త పడింది. హాల్వర్సన్ మేడ మీది హాలులో గొడ్డళ్లు విసిరే ఆట పెడతారట. మినియాపొలిస్ నుంచి బ్రాక్ అనే కుర్రాడు వచ్చి నడుపుతాడట. గోడలకి చెక్కలు బిగించి, నేలంతా రబ్బరు చాపలు పరిచి మేకులు కొడతారట. జనం బీరు తాగి ఆ చెక్కల మీదికి గొడ్డళ్లు విసురుతారన్నమాట. మాకు అకార్డియన్ వాయించే లోవెల్ ఆ వార్త పైకే చదివి, పేపరు బల్ల మీద పడేశాడు.

"మా తాత ఆ గొడ్డలి మొయ్యలేకే అడివి వదిలి ఊరొచ్చాడు. ఇప్పుడు దాన్ని విసరడానికి ఎదురు డబ్బులిస్తారా?" అన్నాడు.

అందరూ నవ్వారు. ఐలీ కూడా నవ్వింది. "మంచిదేలే, కుర్రాళ్లకి ఇమ్మని నేనే కదా అన్నాను" అంది. తర్వాత కాఫీ నీళ్లు చూసొస్తానని వంటగదిలోకి వెళ్లింది. నీళ్లు మరిగి, చల్లారేంత సేపైనా రాలేదు. నేను వెళ్లి చూస్తే సింకు ముందు నిలబడి, కడిగిన కప్పే మళ్లీ కడుగుతోంది. కళ్లు ఎర్రగా ఉన్నాయి. నాకు ఒళ్లు మండిపోయింది.

ఇప్పుడే వెళ్లి ఆయనకి చెప్పేస్తానన్నాను. ఐలీ నా మణికట్టు పట్టుకుంది.

"నువ్వు మాత్రం నోరు విప్పకు రోజలీ. అడిగి తెచ్చుకుంటే అది వాళ్లు ఇచ్చినట్టు కాదు, మనం గుంజుకున్నట్టు."

"ఆయన ఇస్తానన్నాడు కదా తల్లీ. నువ్వే వద్దన్నావు."

"వద్దనకపోతే ఏమనుకుంటాడు? ఎప్పుడిస్తారా అని కాచుకు కూర్చున్నాననుకోడూ?"

"కాచుకునే కూర్చున్నావుగా."

"అది ఆయనకెందుకు తెలియాలి?" అంది. నా చేత మాట తీసుకునేదాకా మణికట్టు వదల్లేదు.

అలా జన్మలో మొదటిసారి నా నోటికి తాళం పడింది. మిగతావాళ్లు మాత్రం ఐలీకి చెప్పకుండా రాయబారాలు మొదలుపెట్టారు. విషయం చెప్పకుండానే ఆయనకి అర్థమయ్యేలా చెయ్యాలని వాళ్ల పథకం. ముందు లోవెల్ వెళ్లాడు. ప్రూయిట్ ఆఫీసులో కూర్చుని మంచుకాలం టైర్ల గురించి గంటసేపు మాట్లాడాడు. లేచేటప్పుడు "నేల బాగా ఉంచారండీ" అని వచ్చేశాడు. అంతకన్నా గట్టిగా చెప్పడం తన వల్ల కాదన్నాడు. ఆడవాళ్లు ఒకరి తర్వాత ఒకరు బంగాళదుంపలతో పొయ్యిలో కాల్చే హాట్‌డిష్ గిన్నెలు పట్టుకెళ్లారు. మా గోర్డన్ వెళ్లి ఆయనకి దళసరి కోటు ఎక్కడ కొనాలో చెప్పి వచ్చాడు. ఒకరోజు ప్రూయిట్ వీధిలో నాకు ఎదురై, ఇంత ప్రేమగల ఊరు ఎక్కడా చూడలేదనీ, ఎవరెవరో వచ్చి వాతావరణం మాట్లాడి తిండి పెట్టి వెళుతున్నారనీ, ఎందుకో మాత్రం అంతుపట్టడం లేదనీ అన్నాడు. నాలుక కొరుక్కుని, చలి తగ్గింది కదా అన్నాను. నేనూ వీళ్లలాగే తయారయ్యానని ఇంటికి వచ్చి తల కొట్టుకున్నాను.

జూన్లో, ఫిన్లండ్ వాళ్లు మంటలేసి పండగ చేసుకునే రోజున, హాలు చూడటానికి రమ్మని ప్రూయిట్ ఊరందరినీ పిలిచాడు. బ్రాక్‌తో ఒప్పందం ఆ తర్వాతి సోమవారమని అందరికీ తెలుసు. ఐలీ రానంది. నేను మూడుసార్లు అడిగితే వచ్చింది.

తలుపు తీసి లోపలికి అడుగుపెట్టాం. కిటికీల్లోంచి సాయంత్రపు ఎండ నేల మీద పరుచుకుంది. మేపుల్ చెక్కలు తేనె రంగులో మెరుస్తున్నాయి. దూరంగా సరస్సు మీద ఓడ కూత వేసింది. ఐలీ గోడవారగా నడిచి వెళ్లి, ఒక కుర్చీలో సర్దుకు కూర్చుంది. నేల మధ్యలో అడుగు పెట్టలేదు. లోవెల్ కూడా ఓ మూల కూర్చున్నాడు, ఒళ్లో అకార్డియన్. పొరపాటున కారులో ఉండిపోయిందట. వాయిస్తారా అని ప్రూయిట్ అడిగితే లేదులెండి అన్నాడు. ప్రూయిట్ సరేనని వెళ్లిపోయాడు. పాపం లోవెల్ పెట్టెని పసిపిల్లలా ఒళ్లో పెట్టుకుని అలాగే ఉండిపోయాడు.

ప్రూయిట్ తనే కేకు ముక్కలు పంచుతూ ఐలీ దగ్గరికి వచ్చాడు. ఆమె వద్దండీ అంది. ఆయన పళ్లెంతో వెనుదిరిగాడు. నాకు ఓర్పు నశించింది. హాలు గురించి నోరు విప్పనని మాటిచ్చాను గానీ కేకు గురించి ఇవ్వలేదు కదా. వెంటపడి ఆయన మోచెయ్యి పట్టుకున్నాను.

"బాబూ, మళ్లీ వెళ్లి అడుగు."

"వద్దన్నారండీ."

"వినపడింది. నేను కేకు సంగతే చెబుతున్నాను. మళ్లీ అడుగు."

నన్నో పిచ్చిదాన్ని చూసినట్టు చూసి వెళ్లాడు. తిరిగొచ్చి, ఎందుకు శ్రమ అన్నారని చెప్పాడు. ఇంకోసారి వెళ్లమన్నాను. ఈసారి ఖాళీ చేతులతో వచ్చాడు. అక్కడ ఐలీ కేకు తింటోంది. ఆయన తన చేతులకేసి చూసుకున్నాడు.

"ఈ ఊళ్లో అందరూ ఇంతేనా?"

"కేకు విషయంలో ఇంతే" అన్నాను.

కాసేపు నిలబడి ఆలోచించాడు. తర్వాత నేరుగా లోవెల్ దగ్గరికి వెళ్లి వాయించమన్నాడు. లోవెల్ వేళ్లు పట్టేశాయన్నాడు. మళ్లీ అడిగితే, వినేవాళ్లకి విసుగని అన్నాడు. మూడోసారి ఆయన మాట పూర్తవకముందే లోవెల్ భుజాలకి పట్టీలు ఎక్కాయి. వాల్ట్జ్ మొదలైంది. ప్రూయిట్ నా దగ్గరికి తిరిగొచ్చేసరికి మొహం పాలిపోయి ఉంది. కాఫీ వద్దన్న ప్లంబరు, ముందు గది ఇస్తానంటే వద్దన్న గుమాస్తా, ఇంకా ఈ ఊళ్లో వద్దన్న వాళ్లంతా కళ్ల ముందు కదిలి ఉంటారు.

"అయితే మార్చిలో ఆవిడ..."

"నేనేమీ చెప్పలేదు" అన్నాను.

ఆయన వెళ్లి ఐలీ ముందు నిలబడ్డాడు. హాల్లో ఉన్నవాళ్లంతా ఉన్నట్టుండి కిటికీల వైపు తిరిగారు. ఈ ఊళ్లో చెవులు రిక్కించడమంటే అదే. శనివారం శనివారం ఈ హాలు తీసుకోమని ఆయన అడిగాడు. ఆ అబ్బాయికి ఇస్తున్నారు కదండీ అంది ఐలీ. ఇంకా సంతకం కాలేదు, మీరు తీసుకోండన్నాడు. అయ్యో, మా కోసం మీకెందుకు శ్రమ, అంది. గోర్డన్ నా చెయ్యి నలిపేస్తున్నాడు. ప్రూయిట్ మూడోసారికి నోరు తెరిచాడు.

సరిగ్గా అప్పుడే హాలు అవతలి కొస నుంచి బ్రాక్ పిలిచాడు. ఆ కుర్రాడు చాప ముక్క ఎలా కూర్చుంటుందో చూడటానికి మోకాళ్ల మీద కూర్చుని ఉన్నాడు. ఒక చేతిలో సుత్తి, రెండో చేతిలో మేకు. ఒక్క నిమిషం ఇటు రమ్మన్నాడు. ప్రూయిట్ మర్యాదస్తుడు కదా, ఇప్పుడే వస్తానని ఐలీతో అని అటు నడిచాడు. బ్రాక్ మేకు మొన మేపుల్ చెక్క మీద ఆనించాడు.

ఐలీ ఆ మేకుని చూసింది. కేకు పళ్లెం కుర్చీలో పెట్టి లేచింది. హాలు మధ్యలోంచి, ఎవరినీ తప్పుకోమనకుండా, సూటిగా నడుచుకుంటూ వెళ్లింది. తోలు అడుగుల చప్పుడు విని కిందికి చూశాను. కాళ్లకి ఆ డాన్సు బూట్లే ఉన్నాయి. లోవెల్ వాయించడం ఆపేశాడు.

"ఆ మేకు కొట్టకు బాబూ" అంది బ్రాక్‌తో. తర్వాత ప్రూయిట్ వైపు తిరిగింది.

"మూడోసారి మీరు అడగక్కర్లేదు. నాకు కావాలి. ఈ హాలు నాకు కావాలి. మార్చి నుంచీ కావాలి, ఈ తలుపు మూసిన రోజు నుంచీ కావాలి."

గొంతు పెంచలేదు. "నాకు కావాలి" అన్న మాట ఈ ఊరివాళ్ల నోట నేను కాపురానికి వచ్చాక వినడం అదే మొదటిసారి. కిటికీల వైపు తిరిగిన ఆడవాళ్లు అలాగే ఉండి కళ్లు తుడుచుకున్నారు. నేను వాళ్లలా కిటికీకేసి తిరగలేదు, అక్కడే నిలబడి బాహాటంగా ఏడ్చాను.

"మార్చిలోనే ఈ మాట చెప్పి ఉండొచ్చు కదా మేడమ్?" అన్నాడు ప్రూయిట్.

"చెప్పానుగా. వద్దన్నాను. దానర్థం మీకు తెలియకపోతే నేనేం చేసేది?" అంది ఐలీ.

ఇక మిగిలింది బ్రాక్. మోకాళ్ల మీదే ఉండి, మేకు జేబులో వేసుకుంటూ గొణిగాడు. తనకి మొదటినుంచీ ఈ బిల్డింగు వెనక ఉన్న గోదామే నచ్చిందట. గచ్చు నేల, ఎత్తు గోడలు, గొడ్డళ్లకి అదే సరైన చోటట. కానీ ప్రూయిట్ ప్రేమగా మేడ మీది హాలు ఇస్తానంటే కాదనలేకపోయాడట. మినియాపొలిస్ కుర్రాడు, ఈ రాష్ట్రంవాడే మరి. ప్రూయిట్ పక్కనున్న కుర్చీలో కూలబడి, నవ్వి నవ్వి కళ్లు తుడుచుకున్నాడు. లోవెల్ ఎవరూ అడగకుండానే పోల్కా ఎత్తుకున్నాడు.

జూలైలో మొదటి శనివారం డాన్సుకి మేం తలుపు తీసేసరికి మెట్ల మీద వరస కట్టి ఉన్నారు. చర్చిలో ఆడిన మా పాతవాళ్లంతా ఇస్త్రీ బట్టల్లో వచ్చారు. కింద బీరు కొట్టు నుంచి చేతుల నిండా పచ్చబొట్లున్న పిల్లలు, ఈ చప్పుడేమిటో చూసి పోదామని గ్లాసులతో పైకొచ్చి, పోవడం మరిచిపోయారు. వెనక గోదాములో గొడ్డలి చెక్కకి తగిలిన చప్పుడు అప్పుడప్పుడు వినిపించేది, లోవెల్ తాళం దానికి కలిపేవాడు. కింద ఇటుకల వీధిలో జనం ఆగి కిటికీలకేసి చూస్తున్నారు. ఐలీ ఆ పిల్లల్ని వరసగా నిలబెట్టి సాటిష్ అడుగులు నేర్పింది. ఒకమ్మాయి తనకి రాదంటే, నేల నేర్పుతుందిలే, నువ్వు ఊరికే నిలబడమంది. వైనో ఉంటే ఈ వరస చూసి టికెట్లు చాలవని కంగారుపడేవాడని నాతో అంది. ఆ మాట అన్నప్పుడు ఆమె కళ్లలో నీళ్లు లేవు, నవ్వు ఉంది.

ప్రూయిట్ గోడకి ఆనుకుని నిలబడి చూస్తున్నాడు. గోర్డన్ చెప్పిన కోటు కొనుక్కున్నాడు, జూలైలో కూడా అదే వేసుకున్నాడు. పాట మారింది. ఐలీ తిన్నగా ఆయన దగ్గరికి వెళ్లి చెయ్యి చాపింది.

"రండి."

"వద్దు మేడమ్, నాకు రాదు. నిజంగానే వద్దు" అన్నాడు ఆయన. టెక్సస్ వాడు, వద్దంటే వద్దనే. మొహం చూస్తేనే తెలుస్తోంది, మనస్ఫూర్తిగా భయపడుతున్నాడు.

హాల్లో మేమందరం మనసులో లెక్క పెట్టుకుంటూ ఆగాం. ఐలీ రెండోసారి అడగలేదు. ఆయన చెయ్యి పట్టుకుని నేల మధ్యకి లాక్కెళ్లింది.